పిల్లల కంటికి తగిన బైనాక్యులర్

(పూర్వ విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ప్లాటినం జూబిలీ సందర్భమున పూర్వ విద్యార్థులు మన పక్షి పరిశీలన సంఘానికై కొంత ద్రవ్యం సమకూర్చి, బైనాక్యులర్ కొనవలసినదిగా కోరియున్నారు. ఏది కొనవలెనన్న విషయమై రెండు అభిప్రాయాలు వినవచ్చినవి. పేరుమోసిన విదేశీ కంపెనీది ఒక్కటి కొని, దాతల పేర్లు చెక్కించి, ప్రయోగశాలలోని అద్దాల బీరువాలో ఉంచుదామని కొందరు. ఆ సొమ్ముకే సాధారణమైనవి ఆరు వస్తాయి, వాటిని పిల్లల చేతికిద్దామని మరికొందరు. నేను రెండవ పక్షమున ఉన్నాను. అందుకు కారణములను మనవి చేస్తాను. దాతలు విని సమ్మతించిన పిదపనే కొనుగోలు.

బైనాక్యులర్‌పై 8x30, 8x42, 10x50 అని అంకెలుంటాయి. మొదటిది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపునో తెలుపుతుంది; రెండవది ముందరి కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. అంకె పెద్దదైతే వస్తువు గొప్పదని దుకాణదారుడు చెబుతాడు. అది సగమే నిజం. పది రెట్లు పెద్దదిగా చూపే సాధనం చేతి వణుకును కూడా పది రెట్లు చేస్తుంది. మన పిల్లలు పక్షులను చూడబోయేది ప్రధానంగా చిలికా సరస్సులో. రంభలోనైనా, ఉత్తరపు ఒడ్డున మంగళాజోడిలోనైనా పడవలో కూర్చుండి చూడవలసినదే. కదిలే పడవలో పదకొండేళ్ళ పిల్లవాడి చేతిలో పది రెట్ల సాధనముంటే, సూదితోక బాతుకు బదులు నీటి మీది మెరుపు మాత్రమే కనిపిస్తుంది. ఎనిమిది రెట్లు చాలును. పైగా మంగళాజోడిలో పక్షులు పడవకు చాలా దగ్గరగా ఉంటాయి. ఒకప్పుడు వాటిని వేటాడిన ఊరివారే 2000 సంవత్సరం ప్రాంతం నుండి కాపలాదారులై నిలిచిన చోటది.

చూపు వెడల్పు మరొక విషయం. వేయి మీటర్ల దూరాన ఎనిమిది రెట్ల సాధనం సాధారణంగా 120 మీటర్లకు పైగా వెడల్పును చూపుతుంది; పది రెట్లది 100 మీటర్లకు అటూఇటూ. లకుముకిపిట్ట ఒక కొమ్మపై నిలిచేది ఎంతసేపు? వెడల్పు తగ్గితే పిల్లవాడు వెదకుతూండగానే అది ఎగిరిపోతుంది.

ఇక వెలుగు సంగతి. రెండవ అంకెను మొదటి దానితో భాగిస్తే కంటికి చేరే కాంతి పుంజం వెడల్పు వస్తుంది. 8x30కి అది 3.75 మిల్లీమీటర్లు, 8x42కి 5.25. పట్టపగలు మన కనుపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది గనుక 30 కటకం చాలు. తెల్లవారుజామున, సాయం సంధ్యలో 42 మేలు. కాని బరువు ఎక్కువ. అందుచేత ఐదు 8x30లు, ఉపాధ్యాయులకొక 8x42 అని నా ప్రతిపాదన.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటున్నది. పిల్లల కళ్ళ మధ్య దూరం పెద్దలకంటె తక్కువ. రెండు గొట్టాలను లోనికి మడిచినపుడు అవి తగినంత దగ్గరకు రానట్లయితే, పిల్లకు ఒకే వలయం బదులు రెండు వలయాలు, మధ్యన నల్లని నీడ కనిపిస్తాయి. "ఏమీ కనపడటం లేదండీ" అని తిరిగి ఇచ్చివేస్తుంది. మనం దానిని శ్రద్ధలేమి అనుకుంటాం! కనుక కొనేటప్పుడు ఆరవ తరగతి పిల్లనొకతెను వెంట తీసుకువెళ్ళి, ఆమె కంటితోనే పరీక్షించవలెను. కళ్ళద్దాలు పెట్టుకునే పిల్లలకు కంటి దగ్గరి రబ్బరు తొడుగు మడిచేందుకు వీలుండవలెను. కన్ను 15 మిల్లీమీటర్లైనా ఎడంగా ఉన్నపుడు కూడ పూర్తి వలయం కనిపించవలెను.

దుకాణంలోనే చేయదగిన పరీక్షలు మరి రెండు. సాధనాన్ని చేయి చాపినంత దూరంలో పట్టుకుని ఆకాశం వైపు చూస్తే, కంటి కటకంలో చిన్న వెలుగు చుక్క కనిపిస్తుంది. అది గుండ్రంగా ఉంటే మంచిది. అంచులు కోసినట్లు బూడిదరంగుగా ఉంటే లోపలి పట్టకం నాసిరకం. తరువాత దూరపు స్తంభాన్ని చూడవలెను. అది రెండుగా తోచినా, కళ్ళు లాగినట్లున్నా ఆ సాధనం వద్దు. ఎర్రగా మెరిసే కటకాలు, ఒక్క మీట తిప్పితే ఇరవై ముప్పై రెట్లు చూపుతామనేవి ఎంత చవకైనా మనకు పనికిరావు. వాటితో సూర్యుని చూడరాదన్న హెచ్చరిక ఏ సాధనానికైనా తప్పదు. ఇది మాత్రం తల్లిదండ్రులు ఇంటివద్ద కూడా చెప్పవలెను.

సముద్రతీరపు తేమకు కటకాలపై బూజు పడుతుంది. మూతపెట్టిన అద్దాల బీరువా అందుకు అనువైన చోటు. మూత బిగిసే డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, వారం వారం బయటికి తీస్తే చాలాకాలం మన్నుతాయి.

దాతల పేర్లు చెక్కించవలెనన్న కోరికను నేను కాదనను. ప్రతి సాధనంతో ఒక నోటుపుస్తకం జతచేద్దాం. మొదటి పుటలో దాతల పేర్లు వ్రాయిద్దాం. మిగిలిన పుటలలో చూసిన పక్షి, తేదీ, స్థలం. పక్షి పేరు మాత్రం మూడు భాషలలో. పాలపిట్ట ఒడిశా రాష్ట్ర పక్షి అని మన పిల్లలకు పాఠంలో తెలుసు. తీతువు, జెముడుకాకి, గిజిగాడు అన్న పేర్లు ఇంటిలో అవ్వలను అడిగి తెచ్చుకోవలసినవి. ఆ పేర్లు తెలిసినవారు మన వీధులలో ఏటేటా తగ్గిపోతున్నారు. తల్లిదండ్రులు ఈ ఆదివారమే పెద్దలను కూర్చోబెట్టి అడిగించండి. చిలికాకు శీతకాలపు వలస పక్షులు వచ్చేలోగా మొదటి పుస్తకాలు సిద్ధం కావలెను. పడవ ఖర్చుల విషయమై కార్యదర్శిగారు ఇప్పుడు మాట్లాడతారు.