ఇల్లు కొన్నారు, నేల ఎవరిది?

ఇంగ్లండులో ఇల్లు కొన్నంత మాత్రాన కింది నేల సొంతమైనట్టు కాదు. లీజ్‌హోల్డ్ ఇల్లయితే నేల వేరేవాళ్లది. చాలా లీజుల్లో ఏటా నేల అద్దె కట్టాలి. వెనక చిన్న గది వేసుకోవాలన్నా, చాలాచోట్ల ఫీజు కట్టి అనుమతి తెచ్చుకోవాలి.

ఈ బాధ ఒకప్పటి సౌత్ వేల్స్ గని కార్మికులకు బాగా తెలుసు. అక్కడ ఎన్నో ఇళ్లు 99 ఏళ్ల లీజు నేల మీద లేచినవే. గడువు తీరితే తాతలనాటి ఇల్లు నేల యజమానికి పోతుందన్న భయం. ఆ గోడులోంచే 1967 చట్టం వచ్చింది. దాని ప్రకారం అర్హత ఉన్న ఇంటివాళ్లు అడిగితే యజమాని నేల అమ్మి తీరాలి. ఎంత న్యాయం!

ఇదివరకు ఇల్లు కొన్నాక, నేల అమ్మమని అడగడానికి రెండేళ్లు ఆగాల్సి వచ్చేది. 2025 జనవరి ఆఖరు నుంచి ఆ షరతు లేదు. అక్కడి తెలుగు కుటుంబాలూ ఇది గమనించాలి.

నేల కొనాలంటే ముందు నిపుణుడిచేత వెల కట్టించాలి. తర్వాత చట్టప్రకారం నోటీసు ఇవ్వాలి. నోటిమాట చాలదు, నోటీసే కావాలి. ధర తెగకపోతే ట్రిబ్యునల్ తేలుస్తుంది.

ఇంకొక్క జాగ్రత్త. పాత అనుమతి ఫీజులు కొత్త దస్తావేజులోకీ చొరబడుతుంటాయి. సంతకానికి ముందే లాయరుచేత ప్రతి పేజీ చదివించుకోవాలి.