బ్యాంకు తాళం వేసిన ఇల్లు ఎవరి వీధిలో ఉంది?

(మహాత్మా జోతిరావు ఫూలే జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవాళ ఏప్రిల్ 11. ఫూలే పుట్టినరోజు. ఆ మహానుభావుడు 1873లో 'గులాంగిరి' రాసి, నల్లజాతి బానిసల విముక్తి కోసం నిలబడ్డ అమెరికా ప్రజలకి దాన్ని అంకితమిచ్చాడు. ఇక్కడి శూద్రాతిశూద్రుల బతుకూ అక్కడి నల్లవాళ్ల బతుకూ ఒకే తీరున నలుగుతున్నాయని నూటయాభై ఏళ్ల కిందటే పసిగట్టాడు. 1946లో మన బాబాసాహెబ్ అక్కడి నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్లు పెట్టిన అర్జీ ప్రతులు కావాలని అడిగాడు. ఇంకో సంగతి చెప్తాను వినండి. ఇళ్లు అమ్మే దగ్గర, అద్దెకిచ్చే దగ్గర జాతిభేదం చూపించకూడదని అమెరికాలో ఒక చట్టం ఉంది. దాని మీద అధ్యక్షుడు సంతకం చేసింది కూడా ఇదే తారీఖున, 1968 ఏప్రిల్ 11న. మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపిన సరిగ్గా వారానికి. అంటే ఆయన నెత్తురు ఆరకముందే వచ్చిన చట్టం అది.

అందుకని ఇవాళ ఆ చట్టం తోటి అక్కడ చేసిన ఒక పోరాటం గురించి చెప్పాలని వచ్చాను. అది ఖాళీ ఇళ్ల గురించి. అప్పు కట్టలేదని బ్యాంకు జప్తు చేసి, మళ్లీ అమ్ముకుందామని తాళం వేసిన ఇళ్ల గురించి. 'మనిషే లేని ఇంటికి రంగేంది, కులమేంది' అని మీకు అనిపించొచ్చు. మనిషి లేకపోయినా ఆ ఇంటికి వీధి ఉంది గదా! వీధికి పేరుంది, పేరు వెనకాల జాతి ఉంది. మన దగ్గర మాలపల్లె, మాదిగగూడెం అంటే చాలదా? వేరే చెప్పాలా?

మొదలు ఇది ఎట్లా వచ్చిందో చూడండి. 1933లో, అప్పుల్లో మునిగిన ఇళ్లవాళ్లని ఆదుకోటానికని అక్కడి కేంద్ర ప్రభుత్వం ఒక సంస్థ పెట్టింది. ఆ సంస్థ నగరాలకి పటాలు గీయించింది. మేలైన పేటకి ఆకుపచ్చ, తర్వాత నీలం, ఆ తర్వాత పసుపు. అప్పిస్తే ప్రమాదం అనుకున్న పేటకి ఎరుపు. నల్లవాళ్లుండే పేటలు దాదాపు అన్నీ ఎర్రరంగులో పడ్డాయి. ఊరి బయట పొలిమేర గీసినట్టే, సిరా తోటి గీశారు. రెండు మూడు తరాలు ఆ పేటల్లో ఇంటికి న్యాయమైన అప్పు పుట్టలేదు.

2000 తర్వాత కథ తిరగబడింది. ఇవ్వం అన్నవాళ్లే ఎదురొచ్చి ఇచ్చారు. ఏం అప్పులు అవి? మొదటి రెండేళ్లు కిస్తీ తక్కువ, మూడో ఏట నుంచి వడ్డీ ఎక్కి కిస్తీ పెరిగిపోయే అప్పులు. మంచి వడ్డీకి అర్హత ఉన్న నల్లవాళ్లని, లాటినోలని కూడా ఈ అప్పుల్లోకి తోశారు. కంట్రీవైడ్ అనే సంస్థ మీద అక్కడి న్యాయశాఖ పెట్టిన కేసు 2011 డిసెంబరులో 33 కోట్ల 50 లక్షల డాలర్లకి రాజీ అయింది. 2 లక్షల మందికి పైగా నల్లవాళ్ల దగ్గర, లాటినోల దగ్గర ఎక్కువ వసూలు చేశారన్నది ఆ కేసులో ఆరోపణ. ఇక్కడ మన వాడలో వడ్డీవ్యాపారి చేసే పని అక్కడ టై కట్టుకున్నవాళ్లు చేశారు. అంతే తేడా.

2007 నుంచి ఆ అప్పులు పగిలాయి. 2010 ఒక్క సంవత్సరంలోనే 28 లక్షలకు పైగా ఇళ్లకి జప్తు నోటీసులు పడ్డాయి. జనం సామాన్లు బండ్లకెత్తుకుని పోయారు. ఇల్లు వదిలిపెట్టి పోవటం అంటే ఏందో మనకి ఒకరు చెప్పాలా? 1985లో కారంచేడు నుంచి చీరాలకి కట్టుబట్టలతో నడిచొచ్చినవాళ్లు మనవాళ్లే గదా. అక్కడ గొడ్డళ్లు లేవు, కాగితాలున్నాయి.

ఇక అసలు సంగతి. ఇల్లు బ్యాంకు చేతికొచ్చింది. అమ్ముడుపోయేదాకా దాన్ని కాపాడాల్సింది ఆ బ్యాంకే. ఖాళీ ఇల్లు ఊరికే ఉండదు, పాడవుతది. దానికి ఒక పద్ధతుంది. తాళాలు మార్చాలి. లోపలి చెత్త ఎత్తిపోయాలి. పగిలిన కిటికీకి అద్దమన్నా వేయాలి, ప్లైవుడ్ చెక్కన్నా కొట్టాలి. ఎండాకాలం ముందర గడ్డి కోస్తుండాలి. చలికాలం వచ్చేముందు పైపుల్లో నీళ్లన్నీ దించేయాలి, లేకపోతే నీళ్లు గడ్డకట్టి పైపులు పగిలి, మంచు కరిగినరోజు ఇల్లంతా తడిసి గోడలు బూజు పడతాయి. కప్పు కారుతుంటే వెంటనే వేయించాలి. గుమ్మం ముందు పోగుపడ్డ ఉత్తరాలు, పేపర్లు తీసేయాలి. 'ఈ ఇల్లు అమ్మబడును' అని బోర్డు పెట్టాలి, నంబరు రాయాలి. ఇంత చేస్తే ఆ ఇల్లు చూసి ఎవరో ఒక కుటుంబం కొనుక్కుంటది.

చెయ్యకపోతే? గడ్డి నడుం ఎత్తు పెరుగుతది. గడ్డి పెరిగిందంటే 'ఈ ఇంటికి దిక్కు లేదు' అని బోర్డు పెట్టినట్టే. దొంగలు తలుపు పగలగొట్టి గోడల్లోంచి రాగి పైపులు పీకి పాత సామాన్ల కొట్లో అమ్ముకుంటారు. అర్ధరాత్రి ఎవరో నిప్పు పెడతారు. పక్కింటివాళ్లు, పాపం కిస్తీలు తప్పకుండా కడుతున్నవాళ్లు, వాళ్ల ఇంటి విలువ కూడా పడిపోతది. వాళ్లేం తప్పు చేశారని?

ఇంకో దెబ్బ లోపల ఉంది. పాడైన ఇంటి మీద కొనేవాళ్లకి బ్యాంకు అప్పివ్వదు, 'ఇల్లు ఉండటానికి పనికిరాదు' అంటది. అప్పు లేకపోతే కూలినాలి చేసుకునే కుటుంబం కొనలేదు. మరి ఎవరు కొంటారు? సంచుల్లో నగదు ఉన్నవాడు. వాడు సగానికి సగం ధరకి కొని, సున్నం కొట్టి, ఆ పేటవాళ్లకే అద్దెకిస్తాడు. నిన్నటిదాకా ఇంటి యజమాని, ఇవాళ అదే వీధిలో కిరాయిదారు. భూమి పోయి పాలేరు కావటం అంటే మన తాతలకి తెలుసు, మనకీ తెలుసు.

ఈ కాపలా పని కూడా ఎవరు చేస్తారో చూడండి. బ్యాంకు దేశమంతటికీ ఒక పెద్ద కంపెనీకి కాంట్రాక్టిస్తది. ఆ కంపెనీ చిన్న కంపెనీకి, అది ఇంకోడికి. చివరికి ఒక పాత ట్రక్కూ ఒక గడ్డి మిషనూ ఉన్న మనిషి దగ్గరకొచ్చేసరికి మధ్యలో అందరూ తినగా మిగిలిందే వాడికి. పనికి ముందొక ఫొటో, పని తర్వాత ఒక ఫొటో పంపితేనే బిల్లు. గిట్టకపోతే వాడేం చేస్తాడు? ముందువైపు గడ్డి కోసి ఫొటో తీసి పోతాడు. మనం వాడిని తిట్టి పై వాళ్లని వదిలిపెట్టొద్దు. సబ్‌కాంట్రాక్టు గొలుసులో ఆఖరి మనిషి చేతే తప్పు చేయించటం పెట్టుబడికి అలవాటు.

ఇప్పుడు అక్కడి సంఘాలవాళ్లు ఏం చేశారు? ముందు అందరూ అన్నదే వాళ్లకీ వినిపించింది: 'ఆ పేటలే అంతండీ, ఎంత బాగుచేసినా పాడుచేస్తారు.' ఈ మాట మనకి కొత్త కాదు. 'వాళ్లకి శుభ్రం తెలవదు' అని మన వాడల మీద ఎన్ని తరాల నుంచి అంటున్నారు! మురుక్కాలవ తవ్వించరు, మురుగు మన గుణం అంటారు. ఈ మాటకి కోపం తోటి జవాబు చెప్తే ఎవరూ వినరు. వాళ్లు లెక్క తోటి చెప్పారు.

నేషనల్ ఫెయిర్ హౌసింగ్ అలయన్స్ అని అక్కడొక సంఘం ఉంది. అది స్థానిక సంఘాల్ని కూడగట్టుకుని నగరం నగరం తిరిగింది. పద్ధతి సులువు. ఒకే నగరం. ఒకే బ్యాంకు తాళం వేసిన ఇళ్లు. కొన్ని తెల్లవాళ్ల పేటలో, కొన్ని నల్లవాళ్ల, లాటినోల పేటలో. అన్నిటికీ ఒకే ప్రశ్నల కాగితం. 35కు పైగా అంశాలు. చెత్త ఉందా? గడ్డి పెరిగిందా? తలుపు తెరిచి ఉందా? కిటికీ పగిలిందా? బోర్డు ఉందా? అవును, కాదు అని రాయటం, ఫొటో తీయటం. అంతే. గొంతు చించుకున్నది లేదు.

లెక్క కట్టి చూస్తే ఏం తేలింది? తెల్లవాళ్ల పేటలో ఇంటికి గడ్డి కోసి ఉంది, బోర్డు నిలబడి ఉంది. నల్లవాళ్ల పేటలో అదే బ్యాంకు ఇంటికి చెత్త కుప్ప, పగిలిన కిటికీ, బోర్డు లేదు. యజమాని ఒకడే, తాళం ఒకడిదే, చూపులు మాత్రం రెండు.

2012 ఏప్రిల్‌లో ఈ లెక్కతోటి వెల్స్ ఫార్గో బ్యాంకు మీద ప్రభుత్వ గృహశాఖకి ఫిర్యాదు పెట్టారు. 2013 జూన్‌లో ఆ బ్యాంకు రాజీకొచ్చింది. 45 నగరాల్లో దెబ్బతిన్న పేటల కోసం సుమారు 3 కోట్ల 90 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ తర్వాత 2016 డిసెంబరులో ఫ్యానీ మే మీద కోర్టుకెక్కారు. ఫ్యానీ మే అంటే చిన్న కొట్టు కాదు. 1938లో ప్రభుత్వమే పుట్టించిన సంస్థ, 2008 నుంచి ప్రభుత్వ అజమాయిషీలోకి వచ్చిన సంస్థ. దాని మీద ఆ సంఘంతో పాటు 20 స్థానిక సంఘాలు చేయి కలిపాయి. 2,300కు పైగా ఇళ్లు చూశారు. 49,000కు పైగా ఫొటోలు పెట్టారు. ఐదేళ్లు పోరాడితే 2022 ఫిబ్రవరిలో 5 కోట్ల 30 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. అందులో ఎక్కువ భాగం ఆ పేటల్ని నిలబెట్టటానికే.

రాజీ అంటే తప్పు ఒప్పుకోవటం కాదు, నాకు తెలుసు. పోయిన ఇళ్లు తిరిగొచ్చాయా అంటే రాలేదు. కానీ ఒకటి తేలింది. పని చెయ్యకుండా ఊరుకోవటం కూడా వివక్షే! కొడితేనే, తిడితేనే అంటరానితనం కాదు. ఒక వీధికి చేసిన పని ఇంకో వీధికి చెయ్యకపోవటం కూడా అంటరానితనమే. ఈ మాట మనం రాసిపెట్టుకోవాలి.

ఇక మన సంగతి. మనవాళ్లలో చాలామందికి బ్యాంకులో తాకట్టు పెట్టటానికి కాగితమే లేదు. అయితే చదువుకుని పట్నం పోయిన మన పిల్లలు అప్పు చేసి ఇల్లు కొంటున్నారు. ఉద్యోగం ఊడితే జప్తు. మన దేశంలో దీనికి 2002లో సర్ఫేసీ చట్టం వచ్చింది. కోర్టులో దావా వేయకుండానే బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. కొన్ని సంగతులు గుర్తు పెట్టుకోండి. ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. దానికి మీరు అభ్యంతరం రాసిస్తే 15 రోజుల్లో బ్యాంకు జవాబివ్వాలి. స్వాధీనం చేసుకుంటే 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కి పోవచ్చు. హైదరాబాదులో ఉంది, విశాఖపట్నంలో ఉంది. వ్యవసాయ భూమిని ఈ చట్టం కింద పట్టుకోకూడదు. లక్ష రూపాయలు దాటని అప్పుకి ఈ చట్టం వర్తించదు.

నేను చెప్పొచ్చిన ముఖ్యమైన సంగతి ఆ చట్టం కింద 2002లోనే చేసిన రూల్సులో ఉంది. 8వ రూలు. ఇల్లు స్వాధీనం చేసుకున్న అధికారి, తెలివిగల సొంతదారు తన ఇంటిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా ఆ ఇంటిని చూడాలి. అమ్మేదాకా దాన్ని కాపాడాలి, అవసరమైతే ఇన్సూరెన్సు చేయించాలి. 'ఇల్లు పోయినాక అది ఎట్లా ఉంటే మనకేంది' అనొద్దు! వేలంలో వచ్చిన డబ్బు బాకీకి చాలకపోతే మిగతాది మళ్లీ మీ మీదే వసూలు చేస్తారు. వాళ్లు కాపాడక ఇల్లు పాడై ధర పడితే ఆ నష్టం మోసేది మీ నెత్తి. అందుకని తాళం పడేరోజున ఇంటికి నాలుగు వైపులా, లోపలా ఫొటోలు తీసి పెట్టుకోండి. సామాన్ల జాబితా రాసి సంతకం అడగండి. నెలకొకసారి పోయి చూడండి. పగిలిందీ, కారిందీ రాసి బ్యాంకుకి రిజిస్టరు పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. రేపు ట్రిబ్యునల్లో మాట్లాడేది ఆ రసీదే.

ఇంకొకటి సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. అక్కడి సంఘాల పద్ధతిని మన ఊళ్లోకి తెచ్చుకోండి. ఊళ్లో ఒక వీధి, వాడలో ఒక వీధి తీసుకోండి. ఒకే కాగితం రాయండి. వీధి దీపాలెన్ని, వెలిగేవెన్ని? కాలవకి సిమెంటు ఉందా? చెత్త బండి వారంలో ఎన్నిసార్లొచ్చింది? మంచినీళ్లు ఎన్ని గంటలొచ్చాయి? ప్రభుత్వం కట్టిన ఇల్లు కారుతుంటే ఎన్నాళ్లకి చూశారు? తారీఖు వేయండి, ఫొటో తీయండి, మూడు నెలలు వదలకుండా రాయండి. పంచాయతీ ఒకటే, పన్ను ఒకటే, మరి దీపం ఎందుకు ఒకటి కాదు? ఆ కాగితం తీసుకుని ఎమ్మార్వో దగ్గరికి పోండి, కలెక్టరు గ్రీవెన్సుకి పోండి. 'మీవాళ్లే అంత' అనే నోరు ఆ కాగితం ముందు మూతపడతది.

ఫూలే దంపతులు మన చేతికి అక్షరం ఇచ్చారు. బాబాసాహెబ్ హక్కు ఇచ్చాడు. ఆ అక్షరంతో మన వీధి లెక్క మనమే రాద్దాం.

జై ఫూలే! జై సావిత్రీబాయి! జై భీమ్!