వాన కబురు గూడెం దాకా

(ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ఫిల్మ్‌నగర్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. ఇది వానాకాలం కాబట్టి వాన గురించి మాట్లాడతానని అడిగి ఒప్పించుకున్నాను. బిడ్డలు బతికుంటేనే కదా చదువు.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. మా గిరిజన బాలికల హాస్టల్ ఇక్కడికి దగ్గరే. ఒక సాయంత్రం నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మూడు గంటల్లో ఈ ప్రాంతంలో భారీ వర్షం పడొచ్చని. కిటికీలోంచి చూశాను. మా వీధిలో చినుకులే. ఇలాంటివి రోజూ వస్తాయిలే అని ఫోన్ పక్కన పెట్టాను. అప్పటికే ఇద్దరు అమ్మాయిలు కోచింగ్ నుంచి కృష్ణానగర్ మీదుగా నడిచి వస్తున్నారు. జూబ్లీహిల్స్ కొండ మీద కుండపోత. కొండ రాయి నీటిని తాగదు, రోడ్డు అసలే తాగదు. పైన పడ్డ నీళ్లన్నీ కృష్ణానగర్ సందుల్లోకి దిగాయి. మోకాళ్ల దాకా నీళ్లొచ్చి, బండ్లు కొట్టుకుపోతుంటే, మా పిల్లలు ఒక ఇంటి గేటు పట్టుకుని నిలబడ్డారు. సినిమాల్లో చిన్న వేషాలు వేసే ఒక తల్లి వాళ్లను లోపలికి లాగి, తలలు తుడిచి, చాయ్ ఇచ్చి కూర్చోబెట్టింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మెసేజ్ సరిగ్గానే వచ్చింది. ఫోన్ చేసి "అక్కడే ఆగండి" అని చెప్పాల్సింది నేను.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఒక్కటే. వాన ఒక చోట పడుతుంది, వరద ఇంకో చోటికి వస్తుంది. వాగు పక్కన పుట్టిన మనకు ఇది కొత్త సంగతి కాదు, పట్నం వచ్చి నేనే మరిచిపోయాను.

2023 జులై గుర్తు తెచ్చుకోండి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. వాతావరణ శాఖ లెక్కలో 204.4 మిల్లీమీటర్లు దాటితేనే అత్యంత భారీ వర్షం. దానికి మూడింతలు. ఆ వానల్లోనే జంపన్న వాగు పొంగి కొండాయి ఊరి మీద పడింది. ప్రాణాలు పోయాయి. జాతరకు పోయినప్పుడు మనం మొక్కి స్నానం చేసే వాగు అది. ఏటూరునాగారం వైపు అమ్మాయి ఒకతె అప్పుడు మా హాస్టల్‌లో ఉంది. ఇంటికి ఫోన్ కలవక రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఇప్పుడు హెచ్చరికలు ఎలా వస్తున్నాయో చెప్తాను. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల 'సచేత్' అనే యాప్ ఉంది. మనం ఉన్న చోటుకు వచ్చే హెచ్చరికలే కాదు, మనం ఎంచుకున్న వేరే జిల్లా హెచ్చరికలు కూడా అందులో చూడొచ్చు. పిడుగులకు 'దామిని' యాప్ ఉంది. మన చుట్టూ 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగుల ప్రమాదం ఉంటే చెప్తుంది. పశువులు కాసేవాళ్లు, పోడు చేనులో ఉన్నవాళ్లు ఇప్పచెట్టు కిందికి పరుగెత్తే ముందు ఇది తెలియాలి. చెట్టు కింద నిలబడటమే పెద్ద ప్రమాదం.

మూడోది సెల్ బ్రాడ్‌కాస్ట్. 2023లో అందరి ఫోన్లూ ఒక్కసారి గట్టిగా మోగి వణికిపోయాయి, గుర్తుందా? మా పిల్లలు భూకంపమని బయటికి పరుగెత్తారు. అది పరీక్ష. దీనికి మన నంబరు అక్కర్లేదు. ఆ టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి కబురు పోతుంది. లైన్లు కిక్కిరిసి కాల్ కలవనప్పుడు కూడా పోతుంది.

కానీ టవర్ ఉంటేనే. కరెంటు పోయి టవర్ ఆగితే, గూడెంలో సిగ్నల్ లేకపోతే, ఆ కబురు గుట్ట అవతలే ఆగిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ములుగు టవర్ నుంచి వెళ్లిన కబురు హైదరాబాద్‌లో ఉన్న బిడ్డ ఫోన్‌లో మోగదు. ఊళ్లో వాళ్లకు సిగ్నల్ లేదు, సిగ్నల్ ఉన్న బిడ్డకు కబురు లేదు.

అందుకే మా హాస్టల్‌లో ఒక నోటుపుస్తకం పెట్టాం. ప్రతి అమ్మాయి తన గూడెం పేరు, మండలం, జిల్లా, దగ్గరి వాగు పేరు రాస్తుంది. రెండు ఫోన్ నంబర్లు రాస్తుంది. అందులో ఒకటి సిగ్నల్ అందే చోట ఉండేవాళ్లది, కిరాణా దుకాణం కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు. వానాకాలంలో రోజూ సాయంత్రం ఇద్దరు అమ్మాయిలు జిల్లాల వారీగా హెచ్చరికలు చూస్తారు. పసుపు రంగు ఉంటే గమనిస్తుంటారు. ఆరెంజ్ ఉంటే ఇంటికి ఫోన్ చేసి సిద్ధంగా ఉండమంటారు. ఎరుపు ఉంటే చీకటి పడకముందే ముసలివాళ్లను, పసిపిల్లలను వాగు ఒడ్డు నుంచి ఎత్తుకు తీసుకుపొమ్మంటారు. అక్కడ ఒకరు డప్పు కొట్టి చాటింపు వేయాలి. ఇంత పెద్ద యంత్రాంగానికి చివర ఉండేది ఆ డప్పే.

ఒక అమ్మాయి అలా ఫోన్ చేస్తే వాళ్ల తాత నవ్వాడట. "బిడ్డా, పట్నంల కూసొని వాన సంగతి నాకు చెప్తవా?" అని. తాత మాట తప్పు కాదు. చీమలు గుడ్లు మోసుకుపోవడం, గాలి మళ్లడం చూసి ఆయన వాన చెప్పగలడు. కానీ ముప్పై కిలోమీటర్ల ఎగువన అర్ధరాత్రి పడే వాన ఆయన కంటికి ఆనదు. ఆ ఒక్కటి ఫోన్ చెప్తుంది. నీళ్లు ఎటు నుంచి వస్తాయో, ఏ మిట్ట మునగదో ఫోన్‌కు తెలియదు. అది తాతకే తెలుసు. ఇద్దరూ మాట్లాడుకోవాలి.

ఎర్ర హెచ్చరిక వచ్చి వాన రాని రోజులూ ఉన్నాయి. "మీ హాస్టలోళ్లు ఉత్తగ భయపెడ్తున్నరు" అన్నవాళ్లూ ఉన్నారు. వాన రాకపోతే పోయేది ఒక రాత్రి నిద్ర. దానికి మాట పడటానికి నేను సిద్ధం.

సంఘాన్ని రెండు కోరుతున్నాను. మన విద్యార్థులున్న ప్రతి హాస్టల్‌లో ఇలాంటి పుస్తకం పెట్టించండి. రెండోది, మా ముసలమ్మలకు 'ఆరెంజ్ అలర్ట్' అంటే ఏమీ అర్థం కాదు. ఇది ఫిల్మ్‌నగర్. బొమ్మకు గొంతు ఇచ్చే పనివాళ్లు, రికార్డింగ్ గదులు ఉన్న చోటు. కోయ, గోండి, లంబాడీ భాషల్లో నాలుగు చిన్న హెచ్చరికలు మన పిల్లల గొంతుతో రికార్డు చేయించండి. "వాగు దాటొద్దు, మిట్టకు పోండి" అని మనవరాలి గొంతు చెప్తే ఆ అవ్వ లేస్తుంది.

పోయే ముందు ఒక్క మాట. బయట మబ్బు పట్టింది. కృష్ణానగర్ మీదుగా వెళ్లేవాళ్లు ఒకసారి ఫోన్ చూసుకుని బయలుదేరండి. ఆపద వస్తే 112కు ఫోన్ చేయండి.

సెలవు. జోహార్.