గోవా యాత్ర: మన యేర్పాట్లు

(బళ్ళారిలో మన సంఘము మాసిక సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



సంక్రాంతి పిదప మన కుటుంబములవారు గోవాకు పోవలెనని కార్యవర్గము నిశ్చయించినది. పోవుట తేలినది గాని, పోయి యేమి చూడవలెనన్నది మాత్రము తేలలేదు. మూడు దినములును సముద్రపుటొడ్డుననే గడుపుదమని యువకులందురు. పుణ్యక్షేత్రము లేనిచోటికి ప్రయాణమెందుకని పెద్దలందురు. ఉభయులును గోవాను సగమే యెఱుగుదురని నేను మనవి చేయుచున్నాను.

విస్తీర్ణమున గోవా మన దేశములోని రాష్ట్రములన్నిటికంటె చిన్నది. 3,702 చదరపు కిలోమీటర్లు. 2021లో విజయనగర జిల్లా వేరుపడక ముందటి మన బళ్ళారి జిల్లాలో సగమైనను లేదు. అయినను ఆ చిన్నచోటితో మనకు పాత సంబంధమున్నది. అది గుఱ్ఱముల వలన కలిగినది. విజయనగర సైన్యమునకు వలసిన అరబ్బీ గుఱ్ఱములు గోవా, భట్కల్ రేవులలో దిగి, కనుమలెక్కి హంపికి చేరెడివి. 1510లో ఆల్బుకర్కు బిజాపురపు సుల్తానుచేతినుండి గోవాను గైకొన్న పిదప ఆ బేరము పోర్చుగీసుల వశమైనది. గుఱ్ఱములు తెచ్చు పరదేశ వర్తకులను ఆదరించి, అవి శత్రువులకు పోకుండ చూచుకొమ్మని రాయలవారు ఆముక్తమాల్యద రాజనీతిలో చెప్పుట ఊరక కాదు. హంపి వైభవమును కన్నులార చూచి వ్రాసిన పేసు, నూనిజు ఉభయులును పోర్చుగీసులే. నూనిజు గుఱ్ఱముల వ్యాపారి. చరిత్ర వ్రాయుట పండితులకే చెల్లునని మనల నెగతాళి చేయువారికి, వర్తకుడనైన నేను ఆయన పేరు చెప్పుచుందును!

కావున మొదటి దినము పాత గోవా. బోం జేసు దేవళము 1605లో ప్రతిష్ఠింపబడినది. 1552లో మరణించిన ఫ్రాన్సిస్ జేవియరు దేహమచ్చట నున్నది. సే కెథెడ్రలు దాని కెదుటనే. 1986నుండి ఈ కట్టడములు ప్రపంచ వారసత్వపు పట్టికలో నున్నవి. భారతదేశమున తొలి ముద్రణయంత్రము 1556లో ఈ పట్టణముననే దిగినది. అవి ప్రార్థనాస్థలములు, మన గుడికి పోవునట్లే నిండు వస్త్రములతో, మౌనముగ పోవలెను.

రెండవ దినము పోండా ప్రాంతము. క్షేత్రములు లేవన్న పెద్దలకు ఇదియే నా సమాధానము. కుశస్థలిలోని మంగేశుని గుడికి ముప్పు వచ్చినపుడు, 1560లో భక్తులు ఆ దేవుని జువారీ నది దాటించి, పోర్చుగీసుల యేలుబడి అప్పటికింకను చేరని ప్రియోళమునకు తెచ్చుకొనిరి. కేలోశినుండి శాంతాదుర్గయు అట్లే కవళేకు వచ్చినది. ఊరు విడిచి పోవలసిన వేళ ఆ జనులు సొమ్ముకంటె ముందు దేవుని మోసుకొని పోయిరి. ఆ గుళ్ళయెదుట దీపస్తంభములను చూచునపుడు ఈ సంగతి పిల్లలకు చెప్పుడు.

ఇంతకును మన సంఘము పక్షమున నేను ముఖ్యముగ చెప్పదలచినది ఆ జనుల భాషను గూర్చి. 1684లో పోర్చుగీసు ప్రభుత్వము కొంకణిని విడిచి పోర్చుగీసునే మాటలాడవలెనని శాసించినది. మూడేండ్లు గడువిచ్చినది. మూడువందల యేండ్లు గడచినవి, కొంకణి పోలేదు. బడి చెప్పలేదు, కచేరి చెప్పలేదు; వంటయింట తల్లులు చెప్పిరి. వలసపోయి మంగళూరు చేరినవారు కన్నడ లిపిలో వ్రాసుకొనిరి, కొచ్చి చేరినవారు మలయాళ లిపిలో. మన రాష్ట్రమున వారును మనవలెనే అల్పసంఖ్యాకులు.

1961 డిసెంబరు 19న గోవా విముక్తమైనది. (యానామునకు ఆ భాగ్యము 1954లోనే కలిగినది.) పిదప మహారాష్ట్రలో కలియవలెనా, వేరుగ నుండవలెనా యని 1967 జనవరి 16న ప్రజలనే యడిగిరి. వేరుగ నుందుమని 1,72,191 మంది, కలియుదుమని 1,38,170 మంది చెప్పిరి. కొంకణి మరాఠీకి యాస మాత్రమేయన్న వాదము అంతటితో ఆగలేదు. 1975లో సాహిత్య అకాడమి దానిని ప్రత్యేకభాషగ నంగీకరించినది, 1987 ఫిబ్రవరిలో రాజభాషయైనది, అదే యేడు మే 30న గోవా రాష్ట్రమైనది, 1992లో ఎనిమిదవ షెడ్యూలులో చేరినది. అంతయు సుఖాంతమని చెప్పను. చట్టము దేవనాగరి లిపినే గుర్తించినందున రోమను లిపిలో వ్రాయు క్రైస్తవ సోదరులకు నేటికిని కొఱత యున్నది. ఇంటిభాష నిలిచినను లిపి తగవు తీరలేదు. మన యిండ్లలోనో, మాట యున్నది, లిపియే పోవుచున్నది. పెండ్లిపత్రికలోని తెలుగును చదువలేని పిల్లలు మన వీధిలో నెందఱో మీరే లెక్కించుకొనుడు.

అందుచేత మూడవ దినము ఉదయము ఏదైన నొక కొంకణి బడిలోనో గ్రంథాలయముననో గడపవలెనని నా ప్రతిపాదన. సాయంకాలము సముద్రము యువకులది, అడ్డు చెప్పను. ఎఱ్ఱజెండా యున్నచోట దిగరాదు, పొద్దు గ్రుంకిన పిదప ఎవ్వరును నీటిలో నుండరాదు.

జనవరి 16న అచ్చట అస్మితా దినము జరుపుకొందురు. ఆనాటికే పోవలెనని కొందఱు కోరిరి. కనుమనాడు కాకియైనను కదలదని పెద్దలు ఒప్పుకొనలేదు. పెద్దలమాట కాదనుటకు నాకును మనసొప్పదు. కావున 17న బయలుదేరుదము. డిసెంబరు చివరి రద్దీ అప్పటికి తగ్గును, వానలు జూనుదాక రావు. రైలు హుబ్బళ్ళి, లోండాల మీదుగ పోయి, కేజిల్ రాక్ దాటి కనుమ దిగును. దారిలో దూధ్‌సాగర్ జలపాతము కనబడును. జనవరిలో ధార సన్నముగనే యుండును.

జీడిపప్పు కొనువారికొక మాట. పౌనుకు 180 పప్పులు తూగునది పెద్దరకము, 320 తూగునది చిన్నరకము. ధరకంటె ముందు రకమడుగుడు.

బడి చూచుటకు అంగీకరించువారు, అంగీకరింపనివారు ఇప్పుడే చేతులెత్తవలెనని అధ్యక్షులవారిని కోరుచున్నాను. పేర్లు నమోదు చేయు పుస్తకము ద్వారమువద్ద నున్నది. దానిలో పిల్లలు తమ పేర్లను తామే, తెలుగులో వ్రాయవలెను.