బ్రేకు కీచుమంటే

వానాకాలం పొద్దున్నే కారు బ్రేకు కీచుమంటే కంగారుపడకండి. తేమకు డిస్కు మీద పట్టిన పలచటి తుప్పు నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. రోజంతా అరిస్తే మాత్రం చక్రం విప్పి చూడాల్సిందే. జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, దయచేసి స్టాండు కూడా పెట్టండి.

ప్యాడు మందం 3 మిల్లీమీటర్లకు దిగిందా, మార్చేయండి. చాలా ప్యాడ్లకు ఉండే చిన్న రేకు డిస్కుకు రాసుకుని కూసేది దాదాపు అప్పుడే. మందం బాగుంటే మన ఢిల్లీ దుమ్మే కారణం కావచ్చు. బ్రేక్ క్లీనర్‌తో కడగండి. నోటితో ఊదకండి, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. ప్యాడు వెనకవైపు బ్రేకు గ్రీజు పలచగా రాయండి, డిస్కుకు తగిలేవైపు చుక్క కూడా అంటకూడదు.

కశ్మీరీ గేట్ బజారులో ప్యాడ్లు కొనేటప్పుడు పార్టు నంబరు సరిచూసుకోండి. బిగించాక, బండి కదిలించేముందు, పెడలు గట్టిపడేదాకా తొక్కండి.