ఏ అప్పన్న? ఎవరి కొడుకు?

(దళిత యువజనుల అధ్యయన తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను పిల్లలకి పాఠం చెప్పుకునేవాణ్ణి. పెద్ద ఉపన్యాసం నాకు రాదు. నేను చేసిన ఒక తప్పు చెప్తాను, మీరు చెయ్యకుండా ఉంటారని.

మన ఉత్తరాంధ్రలో అప్పన్న లేని పేట ఉందా? సింహాద్రి అప్పన్న పేరు ఆసామి ఇంట్లోనూ ఉంది, మన ఇంట్లోనూ ఉంది. గుడి మెట్టు ఎక్కనివ్వని రోజుల్లో కూడా మనోళ్లు ఆ పేరు పెట్టుకున్నారు. మా నాయన పేరూ అప్పన్నే. మా ఊళ్లో ఇంకో ముగ్గురు అప్పన్నలున్నారు.

మా నాయనకి డి-పట్టా మీద ఎకరన్నర మెట్ట వచ్చింది. 1984లో కరణాలు పోయారు, తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఇంక మన రికార్డు ఎవడూ దిద్దలేడని అనుకున్నాం. ఒకరోజు ఇంటర్నెట్లో అడంగల్ తీసి చూస్తే సర్వే నంబరు మాదే, పేరు అప్పన్నే, తండ్రి పేరు మాత్రం వేరు. ఆ తండ్రి కొడుకు ఊళ్లో పదెకరాల ఆసామి. ఆఫీసుకెళ్తే గుమాస్తా ఏమన్నాడు? "పేరు సరిపోయింది కదయ్యా, ఇంకేం కావాలి?" అన్నాడు. ఆ ఒక్క గడి దిద్దించడానికి నాలుగేళ్లు తిరిగాం. సరైన కాయితం చేతికొచ్చేసరికి నాయన లేడు.

ఇక నా తప్పు సంగతి. మా ముత్తాతకి ఒక తమ్ముడుండేవాడు. అతని పేరూ అప్పన్నే. ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు అని మా నాయనమ్మ చెప్పేది. రంగం పోయాడో, ఇంకెక్కడికి పోయాడో ఆమెకీ తెలీదు. బర్మా 1937 దాకా ఇండియాలో భాగమే కాబట్టి రంగం పోయే కూలీకి విదేశం పోయేవాడికి రాసినట్టు పాసు రాయలేదు. దక్షిణాఫ్రికాలో నేటాల్ చెరుకు తోటలకి పోయినవాళ్లకి మాత్రం రాశారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' అనే మొదటి ఓడ డర్బన్‌ చేరింది. 1911 దాకా అలా 1,52,184 మంది పోయారు. మన విశాఖ, గంజాం జిల్లాల వాళ్లు వాళ్లలో ఉన్నారు. ప్రతి మనిషికీ ఒక నంబరిచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీద మచ్చ కూడా రాశారు. పశువుల సంతలో రాసుకున్నట్టు రాశారు. ఆ ఓడ జాబితాలు ఇప్పుడు కంప్యూటర్లో వెతుక్కోవచ్చు.

ఒకరాత్రి కూర్చుని వెతికాను. అప్పన్న అని కొడితే ఎందరో అప్పన్నలు. ఇంగ్లీషులో ఒక పి తో ఒకడు, రెండు పి లతో ఒకడు. ఒకచోట అప్పడు, ఇంకోచోట అప్పలసామి. వాళ్లలో ఒకడిది మా తాలూకా, వయసు ఇరవై రెండు, కులం కూడా మనదే. గుండె కొట్టుకుంది. తెల్లారి ఇంట్లో అందరికీ చెప్పేశాను, "చిన్న ముత్తాత దొరికాడు" అని. మా మేనత్త ఏడ్చింది.

వారం తర్వాత తండ్రి పేరున్న గడి చూశాను. అది మా వాళ్ల పేరు కాదు.

అప్పుడు నాకు ఆ గుమాస్తా గుర్తొచ్చాడు. "పేరు సరిపోయింది కదా" అని వాడు మా నాయన భూమిని ఇంకొకడికి రాశాడు. "పేరు సరిపోయింది కదా" అని నేను ఎవరి ముత్తాతనో మా ఇంట్లో రాసుకున్నాను. వాడి వల్ల భూమి పోయింది, నా వల్ల ఎవరి భూమీ పోలేదు, నిజమే. కానీ ఆ అప్పన్న కోసం ఏ పేటలోనైనా ఎవరైనా వెతుకుతుంటే? మనలాంటి వాడి జాడని మనమే చెరిపేసినట్టు కాదా?

అందుకని తమ్ముళ్లూ, వెతికేటప్పుడు కొన్ని గుర్తు పెట్టుకోండి.

పేరుని ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా కొట్టి చూడండి. మనోళ్ల పేరు మనోళ్లు చెప్పారు, ఇంకెవరో విన్నట్టు రాశారు.

ఊరు పేరు పాతది తెలుసుకోండి. శ్రీకాకుళం అని కొడితే దొరకదు, చికాకోల్ అని కొట్టాలి. 1936 దాకా అది గంజాం జిల్లాలో ఉంది. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది, విజయనగరం జిల్లా 1979లో.

కులం గడి జాగ్రత్తగా చూడండి. ఓడ జాబితాలో మాల అనో, మాదిగ అనో, పరయ అనో ఉండొచ్చు. ఆ తర్వాత కాయితాల్లో పంచమ అని ఉంటుంది. 1917లో బెజవాడలో జరిగిన పంచమ సభకి భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. మనం పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని ఆ సభ పేరే మార్పించాడు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ మాట ఒప్పుకుంది. తర్వాత హరిజన అన్నారు, షెడ్యూల్డ్ కులం అన్నారు. ఒకే కుటుంబం నాలుగు కాయితాల్లో నాలుగు పేర్లతో ఉంటుంది. మనల్ని అవమానించడానికి రాసిన గడే ఈవేళ మన మనిషిని పట్టిస్తుంది.

పేరొక్కటి కలిస్తే నమ్మొద్దు. తండ్రి పేరు, ఊరు, వయసు కలవాలి. భూమి కాయితమైతే సర్వే నంబరు, పట్టా తేదీ కూడా కలవాలి. ఒక్కటి తేడా వచ్చినా ఆగి అడగండి. ఆఫీసులో గుమాస్తానీ ఇదే అడగండి.

చివరిగా ఒక పని చెప్తాను. నేటాల్‌లో మనవాళ్ల తండ్రుల పేర్లు పిల్లలకి ఇంటిపేర్లయ్యాయి. అప్పలసామి అనేది ఇప్పుడక్కడ ఇంటిపేరు. మనకి ఇక్కడ అవ్వలున్నారు. వాళ్లు ఉండగానే ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. తాత పేరు, ముత్తాత పేరు, అవ్వ పుట్టిన ఊరు, ఓడెక్కి పోయినోళ్ల పేర్లు, పట్టా నంబర్లు రాయండి. కంప్యూటర్లో వెయ్యి మంది అప్పన్నలున్నారు. మన అప్పన్న ఎవరో అవ్వ చెప్పాలి.

మా చిన్న ముత్తాత ఇంకా దొరకలేదు. వెతుకుతున్నాను. ఈసారి తండ్రి పేరు చూశాకే మా మేనత్తకి చెప్తాను.

జై భీమ్.