స్లాబు ఎక్కి మొదలుపెట్టండి



ఈ రోజు మాక్లూర్‌లో పట్టాలు అందుకున్న మీకు చెప్పడానికి నాకు తెలిసింది ఒకటే విద్య. ఒక గదిలోకి ఎంత వేడి వస్తుంది, దాన్ని బయటికి తోడడానికి ఎంత యంత్రం కావాలి? ముప్పై ఏళ్లుగా ఈ లెక్కే కడుతున్నాను. ఒకసారి కట్టకుండానే కట్టానన్నాను. ఆ సంగతే ముందు చెబుతాను.

బోధన్ వైపు ఒక చిన్న ఆస్పత్రి. పేరెందుకు, తప్పు నాది. పై అంతస్తులో బాలింతల గది. నూట యాభై చదరపు అడుగులకు ఒక టన్ను ఏసీ అని బజార్లో అందరూ అనే మాటే నేనూ అనేశాను. మధ్యాహ్నం గది చల్లగానే ఉంది. సాయంత్రం ఏడింటికి ఫోన్. వెళ్లి చూస్తే ఏసీ ఆగకుండా తిరుగుతోంది, అమ్మమ్మ పసిబిడ్డకు విసనకర్రతో విసురుతోంది. మిద్దె ఎక్కి చెప్పులు విప్పి స్లాబు మీద కాలు పెట్టాను. వెంటనే తీసేశాను. అప్పటికి పొద్దు గూకింది.

ఆ రాత్రి కూర్చుని కట్టిన లెక్క ఇది. ఐదంగుళాల కాంక్రీటు, కింద ప్లాస్టరు, లోపలా బయటా గాలి పొరలు అన్నీ కలిపినా వేడిని అడ్డుకునే శక్తి 0.3 దాటదు. తిరగేస్తే యూ విలువ 3.3. అంటే లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు 3.3 వాట్లు దిగుతాయి. మే నెలలో గాలి 43 డిగ్రీలు ఉండొచ్చు, కానీ మాసిన స్లాబు ఎండను తాగుతుంది కాబట్టి లెక్కలో బయటి వేడిని 64గా పట్టాలి. గది 26 ఉండాలంటే తేడా 38. నూట యాభై చదరపు అడుగుల గదికి సుమారు 1,750 వాట్లు. ఒక టన్ను అంటే 3,517 వాట్లు. సగం టన్ను కప్పుకే పోయింది! ఇంకా గోడలు, కిటికీ, మనుషులు, తలుపు తీసినప్పుడల్లా వచ్చే వడగాలి మిగిలే ఉన్నాయి. పైగా ఆ వేడి మధ్యాహ్నమే దిగదు. కాంక్రీటు దాన్ని మూడు నాలుగు గంటలు పట్టి ఉంచుకుని సాయంత్రం వదులుతుంది. గంటగంటకూ కట్టే అసలు లెక్క ఇంతకంటే చిక్కు, అది మీ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఈ చిన్న లెక్క మాత్రం చేత్తో కట్టడం మానకండి.

ఇంకో ఏసీ కొనమని ఆస్పత్రి వాళ్లకు చెప్పలేదు. స్లాబు మీద అంగుళం మందం గట్టి థర్మోకోల్, దాని మీద కాంక్రీటు పొర, పైన తెల్ల టైలు ముక్కలు పరిపించాను. యూ విలువ 1 కిందికి వచ్చింది. ఇళ్ల కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత కప్పుకు 1.2 దాటొద్దంటుంది. ఒక్క అంగుళంతో ఆ గీత కిందికి వెళ్లాం. తెలుపు కూడా కలిసి 1,750 కాస్తా మూడు వందల చిల్లర అయింది.

ఇదంతా చల్లబరిచే లెక్క. వెచ్చబరిచే లెక్క, అంటే హీటింగ్ లోడు, మనకెందుకని పరీక్షల ముందు మీరూ తిట్టుకునే ఉంటారు. డిసెంబరు రాత్రి కోళ్ల షెడ్డుకు వెళ్లండి. మొదటి వారం కోడిపిల్లకు 33 డిగ్రీలు కావాలి, బయట 12. షెడ్డు పక్కల గోనె పరదాలు మరీ దించితే లోపల అమ్మోనియా, మరీ ఎత్తితే చలి. షికాగో వెళ్లేవాళ్లకూ ఇదే సూత్రం, స్లాబు లెక్కతో పోలిస్తే వేడి దిశ ఒక్కటే మారుతుంది.

ఇక ఏసీ లేని ఇంటి సంగతి. మన జిల్లాలో బీడీలు చుట్టని ఊరు వెతకాలి. నిరుడు మే నెలలో ఒక రేకుల ఇంటికి వెళ్లాను. ఒళ్లో చాట, తడి తునికాకు, పొద్దుగాల నుంచీ వంచిన తల. పైన పంకా ఉంది, తిరగడం లేదు. కరెంటు లేదా అక్కా అన్నాను. "ఉన్నది సారూ, పంకా ఏస్తే తంబాకు ఎగురుతది" అంది. రేకు యూ విలువ 4కు పైనే. ఆమె నెత్తి మీదికి దిగే వేడిని ఏ కంపెనీ టన్నుల్లో కొలవలేదు, ఎందుకంటే ఆమె ఏమీ కొనదు.

తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని లక్ష్యం. మంచిదే. అయితే 600 చదరపు గజాల లోపు ఇళ్లకు అది తప్పనిసరి కాదు. రేకుల ఇళ్లు దాదాపు అన్నీ ఆ లోపువే. వాటికి తెల్ల సున్నం వేస్తే చాలు, లెక్కలోని 64 యాభైకి దిగుతుంది. వానకు కొట్టుకుపోతుంది, ఏటా మార్చిలో మళ్లీ వేయాలి. సున్నం చాలదని లోపల థర్మోకోల్ సీలింగ్ పెట్టాలనుకుంటే, పొయ్యి ఉన్న గదిలో మాత్రం పెట్టకండి, అంటుకుంటుంది.

మీకు ఉద్యోగాలొస్తాయి, ఊళ్లు మారతారు. వెళ్లే ముందు మీ వాడలో ఒక్క రేకుల ఇంటికి లెక్క కట్టండి. థర్మామీటరు పట్టుకెళ్లి, సున్నం వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి చూసి రాసుకోండి. ఫీజు అడగకండి. చాయ్ పోస్తే తాగి రండి.